బలుసు పొద అడిగిన సూదులు

ఒకప్పుడు, బలుసు పొదకు ముళ్లంటూ లేని రోజుల్లో, అది నక్కలబోడు కొండ మీద తప్ప ఇంకెక్కడా మొలిచేది కాదు. ఆకు మెత్తన, మనసు అంతకన్నా మెత్తన. గాలి కాస్త గట్టిగా వీచినా ఉలిక్కిపడేది. నవ్వకండి, మీరూ ఉరుముకు దుప్పటి ముసుగేసుకునేవాళ్లే.

ఒకరోజు పొద్దున్నే పిగిలిపిట్ట రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి కొమ్మ మీద వాలింది.

"ఒసే బలుసూ! ఆకుల గురవమ్మ వస్తాంది. కనపడిన ప్రతి మొక్కదీ ఒక రెమ్మ తుంచి, రెండు చెక్కల మధ్య అదిమి ఎండబెడుతుంది. సూదితో అట్టకు కుట్టి, యాడ దొరికిందో కింద రాస్తుంది."

"రాస్తే ఏమైతాది?"

"చదివినోళ్లు వస్తారు!"

బలుసుకు వేళ్ల దాకా వణుకు పుట్టింది. పారిపోదామంటే కాళ్లు లేవాయె. చెట్లకున్న పెద్ద కష్టం అదే.

నిజానికి గురవమ్మ చెడ్డది కాదు. "ఏ మొక్క యాడుందో తెలిస్తేనే కదమ్మా కాపాడుకునేది" అంటూ ఒకే ఒక్క రెమ్మ తుంచింది. రాత మాత్రం మహా కచ్చితం. 'బలుసు. నక్కలబోడు. వాగు దాటాక మూడో రాతిగుండు పక్కన. ఆకు తినొచ్చు' అని రాసి, ఆ అట్టను ఊరి చావిడిలో అందరికీ కనబడేలా వేలాడదీసింది. అక్కడే పొరపాటు చేసింది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గాదెలు ఖాళీ అయ్యాయి. "బతికుంటే బలుసాకు తినైనా బతకొచ్చు" అనుకుంటూ ఊరంతా గంపలెత్తుకుని కొండెక్కింది.

ధబధబ అడుగుల చప్పుడు. మొదటి గుండు దాటింది. రెండోదీ దాటింది. మూడో గుండు పక్కన ఆగింది.

ఆకు ఒక్కొక్కటే కోసే ఓపిక ఆకలికి ఎక్కడిది? కొమ్మను మొదట్లో పట్టుకుని చివరిదాకా సర్రున దూసేశారు. ఆకుతోపాటు చిగురూ మొగ్గా ఊడొచ్చాయి. వారం తిరిగేసరికి పొదలన్నీ ఎండుపుల్లలయ్యాయి. గుండు చాటున ఒక్కటే మిగిలింది, కాసిని ఆకులతో, మూడు పండ్లతో.

గురవమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "నా రాతే మీ కొంప తీసింది! రేపు మళ్లా వస్తారంట. ఇక్కడ బలుసు లేదని రాసేద్దునా?"

"అబద్ధం రాస్తే ఆకలైన పిల్లోళ్లు ఏం తింటారు?" బలుసు వణుకుతూనే అంది. "నాకు సావంటే భయం అవ్వా. శానా భయం. నా రెమ్మను కుట్టినావే, ఆ సూదులు నాకియ్యి."

గురవమ్మ సూదుల డబ్బీ బోర్లించింది. ఆకుల జత ఉన్న ప్రతిచోటా అటొకటి, ఇటొకటి గుచ్చింది. పొదకు ప్రాణం పోయినంత నొప్పెట్టింది. అయినా ఓర్చుకుంది. పిగిలిపిట్ట మూడు పండ్లూ మింగి, గింజల్ని మూడు కొండల మీద వదిలొచ్చింది.

మర్నాడు ఒక తల్లి కొమ్మ పట్టుకుని దూయబోయింది. "అమ్మో!" చెయ్యి వెనక్కి పోయింది, ఆకలి పోలేదు. అందుకని వంగి, ముళ్ల మధ్య వేళ్లు పెట్టి, మెల్లగా ఒక ఆకు కోసింది. తర్వాత ఇంకొకటి. చిగురు కొమ్మకే మిగిలింది.

అప్పటినుంచే బలుసుకు జంట ముళ్లు. ఒక్క కొండనే నమ్ముకోకుండా కొండకొండకూ పాకిందీ అప్పటినుంచే. గురవమ్మ అట్ట మీద ఊళ్ల పేర్లకు చోటు చాలలేదు. ఆకు కావాలంటే అది కాదనదు. ఒక్కొక్కటే కోసుకోమంటుంది, అంతే. దానికి ఇప్పటికీ భయమే.