లంక దాటిన పుట్టి

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి వంతెన లేదు. ఉండి ఉంటే ఈ కథ పుట్టేదే కాదు గనుక, లేకపోవడమే మంచిదైంది.

ఆ రోజుల్లో అవతలి ఒడ్డుకు పోవాలంటే రేవులో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ... పుట్టో!" అని కేక వేసేవారు. ఆ కేక నీళ్ల మీదుగా పోయి, అవతలి కొండకు తగిలి, తిరిగి మనకే వినబడేది. ఎంత బాగుండేదని! మీకా భాగ్యం లేదు పిల్లలూ. ఇప్పుడు బస్సులో కునుకుతూ ఏరు దాటేస్తున్నాం. దాటామని కూడా తెలియదు.

పుట్టి అంటే వెదురు దబ్బలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. అడుగున తోలు కప్పుతారు. పడవకు ముందూ వెనకా ఉంటాయి. పుట్టికి ఆ రెండూ లేవు. నడిపేవాడు ఒక పక్క కూర్చుంటే ఎదురుగా ఎంతో కొంత బరువుండాలి. లేదంటే అది గిరగిరా తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. అందుకే మనుషులు లేనప్పుడు పుట్టిలో బండరాళ్లు వేసుకోవడం ఆ రేవు అలవాటు.

ఆ రేవులో సుంకన్న అనే పుట్టివాడుండేవాడు. అతనికి రాళ్లతో పనిలేదు. కూతురు ఎల్లి ఎప్పుడూ ఎదురుగా కూర్చునేది. కాళ్లు చాపుకుని, వేయించిన శనగలు నములుతూ, "నేను లేకపోతే నీకు దారే తెలీదు నాయనా" అనేది.

"అవును తల్లీ" అని నవ్వేవాడు సుంకన్న.

ఏటి నడుమ ఒక లంక. లంక నిండా తాటిచెట్లు, చెట్ల కింద కల్లుపాక. ఏటి వాలు అటువైపే లాగేది. తెడ్డు వదిలేస్తే ఏ పుట్టైనా చివరికి ఆ లంకకే చేరేది.

సుంకన్న మొదట చలికని తాగాడు. తర్వాత అలుపుకని తాగాడు. ఆపైన ఎందుకు తాగుతున్నాడో అతనికే తెలియలేదు. తాగడానికి కారణం వెతుక్కునేవాడు ఇంకా బాగుపడతాడు, కారణం కూడా మానేసినవాడితోనే చిక్కంతా.

ఒక వానకాలం మధ్యాహ్నం లంకలో తాగి, ఎల్లిని ఎక్కించుకుని బయలుదేరాడు. నడి ఏట్లో తెడ్డు చేయి జారింది. పుట్టి బండకు కొట్టుకుంది. ఎల్లి నీళ్లలో పడింది. వలలు వేసుకుంటున్న బెస్తలు చూశారు గనుక సరిపోయింది. పిల్ల బతికింది.

మర్నాడు సుంకన్న రేవులో చేయి చాచి, "రా తల్లీ, కూచో" అన్నాడు.

ఎల్లి ఆ చేతివైపు చూసింది. "నీ చెయ్యి వణుకుతాంది నాయనా. నేను రాను" అంది. తల్లి లింగమ్మ కొంగు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ మాట సుంకన్నకు గుండెలో దిగింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, "గంగమ్మ సాక్షిగా ఇక ముట్టను" అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు పెట్టడం తేలికే. సాయంత్రానికి ఒళ్లంతా చెమట. ఆ వెంటనే చలి. లింగమ్మ తాగించిన రాగిగంజి కడుపులో నిలవలేదు. కళ్లు మూస్తే నీళ్లలో పడిన కూతురే కనిపించేది. "దేవుడా, నాకెందుకీ బాధ?" అని ఏడ్చాడు. అవతలి కొండమీద ఈశ్వరుడి గుడి ఉంది. అక్కడికి పోయి ఆ బాధను స్వామి పాదాల దగ్గర పడేసి రావాలనుకున్నాడు.

ఎవరికీ చెప్పకుండా ఒక్కడే పుట్టి ఎక్కాడు. ఖాళీ పుట్టి, వణికే చేతులు. ఇంకేముంది? గిరగిరా తిరిగి తిరిగి లంకకు చేరింది. తాగాడు.

ఆ రేవులో ఒక ముసలి తాబేలుండేది. ఆ కాలంలో తాబేళ్లు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, ఆగి వినే తీరిక మనకేది? తూలుతూ వచ్చిన సుంకన్నను చూసి అది మెడ బయటపెట్టింది.

"ఏందిరా సుంకన్నా, గుడికి పోయినట్టున్నావే?"

"ఎగతాళి చేయకు ముసలీ. సిగ్గుతో చస్తాండా."

"సిగ్గుపడి ఒక్కడివే పోయినావు. ఖాళీ పుట్టి యాడికి పోతుందో పసిపిల్లనడిగినా చెప్తుంది" అని తాబేలు మెడ లోపలికి లాక్కుంది.

మళ్లీ మానేశాడు. మళ్లీ అదే చెమట, అదే చలి. ఈసారి పుట్టిలో పెద్ద పెద్ద రాళ్లు వేసుకున్నాడు. ఒక్కో రాయికీ ఒక్కో మొక్కు. ఒక రాయికి ఉపవాసమన్నాడు, ఒక రాయికి మౌనమన్నాడు, ఇంకో రాయికి మోకాళ్లమీద కొండెక్కుతానన్నాడు. పుట్టి తిన్నగానే సాగింది. కాని నడి ఏట్లో చేయి వణికి పుట్టి ఒరిగింది. రాళ్లన్నీ ఒక పక్కకు దొర్లాయి. మునిగిపోతానన్న భయంతో ఒక్కో రాయీ తీసి నీళ్లలో పారేశాడు. చివరి రాయి పోయేసరికి పుట్టి మళ్లీ ఖాళీ అయింది. లంక వచ్చేసింది.

ఆ సాయంత్రం తాబేలు ఎగతాళి చేయలేదు. "రాళ్లకు చెవులుండవు నాయనా" అని మాత్రం అంది.

మూడోసారి మానేశాక సుంకన్న రేవులో కూలబడిపోయాడు. ఎక్కడికీ పోయే ధైర్యం లేదు. అప్పుడొచ్చాడు మాదప్ప. ఒకప్పుడు గుడి ఉత్సవాల్లో కొమ్ము ఊదేవాడు. అతను కొమ్మెత్తితే అవతలి ఒడ్డున ఎడ్లు కూడా తలెత్తి చూసేవట. తాగి తాగి ఊపిరి పోగొట్టుకున్నాడు.

"సుంకన్నా, నన్ను లంకలో దించు" అన్నాడు.

సుంకన్న అతని చేతుల వైపు చూశాడు. వేళ్లు చింతాకుల్లా వణుకుతున్నాయి.

"లంకకు వద్దు మాదప్పా. అవతల కొండరేవుకు పోదాం."

"చెప్పేదానికి నువ్వెవడివిరా? నువ్వేమన్నా తాగనోడివా?"

"తాగినోణ్ణే. నిన్న మానినా. మళ్లీ తాగుతానేమోనని భయంగా ఉండాది. నువ్వు ఎదురుగా కూచుంటే పోగలనేమో."

మాదప్ప లంక వైపు ఒకసారి, సుంకన్న వైపు ఒకసారి చూశాడు. తర్వాత పుట్టి ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు.

లంక దగ్గరపడింది. గాలిలో పుల్లటి కల్లువాసన వచ్చింది. సుంకన్న తెడ్డు నెమ్మదించింది. మాదప్ప లేవబోయాడు. పుట్టి ఊగింది.

"కూచో అన్నా! నువ్వు లేస్తే ఇద్దరం పోతాం."

"కూచుంటా. నువ్వు మాట్లాడతా ఉండు. ఏదో ఒకటి చెప్పు."

సుంకన్న చెప్పాడు. చలికి తాగిన మొదటి ముంత గురించి చెప్పాడు. బండకు కొట్టుకున్న పుట్టి గురించి చెప్పాడు. "వణుకుతాంది నాయనా" అన్న కూతురి మాట కూడా దాచకుండా చెప్పాడు. మాదప్ప వింటూ ఏడ్చాడు. తనకూ ఒక కొడుకున్నాడనీ, వాడు తనను చూసి దారి తప్పుకుంటాడనీ చెప్పాడు. ఒకరి మాట ఒకరు వింటూ, వాసన సంగతి ఇద్దరూ మరిచారు. సుంకన్న తల తిప్పి చూసేసరికి లంక వెనకబడిపోయింది.

కొండరేవులో దిగి మాదప్ప కళ్లు తుడుచుకున్నాడు. "గెలిచినాం! పుట్టిని ఈడే వదిలి గుడికి పోదాం పా" అన్నాడు.

"ఏరు దాటినాక తెప్ప తగలేసే రకం కాదు నేను. రేపు మళ్లా వణుకు వస్తాది. మళ్లా దాటాల" అన్నాడు సుంకన్న.

తాబేలు కూడా ఈదుకుంటూ వచ్చింది. సుంకన్న దాన్ని అడిగాడు. "ముసలీ, నిజం చెప్పు. దేవుడు నాకీ బాధ ఎందుకిచ్చినాడు?"

"దేవుడే ఇచ్చినాడో, నువ్వే తెచ్చుకున్నావో నాకు తెలీదు. ఇంతకుముందు ఇట్లా వణికేవాళ్లు నీ పుట్టి ఎక్కలేదా?"

"ఎక్కినారు. చలి అనుకుని దుప్పటి ఇచ్చినా."

"ఈరోజు దుప్పటి ఇయ్యలేదే! అది చలి కాదని నీ వణుకే నీకు చెప్పింది. గుడి కొండమీదే ఉందనుకుంటివి. అది ఇందాక నీ పుట్టిలోనే ఉన్నింది."

ఆ రోజు నుంచి సుంకన్న రోజూ ఏరు దాటాడు. మాదప్ప రోజూ ఎదురుగా కూర్చున్నాడు. కబురు తెలిసి, చేతులు వణికే వాళ్లు ఒకరొకరుగా రేవుకు రాసాగారు. కొందరు దాటారు. కొందరు మధ్యలో లంక దగ్గర దిగిపోయి, మళ్లీ వచ్చి దాటారు. సుంకన్న ఎవరినీ తిట్టలేదు. తిట్టే హక్కు తనకు లేదని అతనికి బాగా తెలుసు.

చాలాకాలం ఎల్లి ఒడ్డునే నిలబడి చూసేది. ఒక ఉదయం ఎవరూ పిలవకుండానే వచ్చి మాదప్ప పక్కన కూర్చుంది.

సుంకన్న తెడ్డు అందుకున్నాడు. "చెయ్యి ఇంకా కొంచెం వణుకుతాందమ్మా" అన్నాడు.

"చూసినా నాయనా. తెడ్డు మాత్రం వదలడం లేదు గదా."

నడి ఏట్లోకి వచ్చారు. అప్పుడు లంక వైపు నుంచి, "ఓ... పుట్టో!" అని సన్నటి కేక వినిపించింది. ఎవరో కుర్రవాడు తాటిచెట్టు మొదట్లో పడి ఉన్నాడు. లేవలేక పిలుస్తున్నాడు.

సుంకన్న తెడ్డు ఆగింది. దాటడమే గాని, మానేశాక ఆ లంకమీద అతను కాలు పెట్టలేదు. పైగా ఎదురుగా కూతురుంది. ఏం చేయాలో తోచక ఆమె ముఖం చూశాడు.

ఎల్లి శనగలు నమలడం ఆపింది. "ఆ పిలుపు నీకే నాయనా. తిప్పు" అంది.

సుంకన్న పుట్టిని లంకకు తిప్పాడు. పాకవైపు చూడకుండా కుర్రవాణ్ణి భుజాన వేసుకొచ్చి పుట్టిలో కూర్చోబెట్టాడు. నలుగురూ ఆ ఏరు దాటారు.

బాధను దాచుకుని ఒంటరిగా పోయేవాడు సుడిలోనే తిరుగుతాడు. ఆ బాధతోనే ఇంకొకరిని దాటించేవాడు తానూ ఒడ్డు చేరతాడు.