ఒక్క చిలుకనూ కొట్టని ఓబులవ్వ

ఊఁ కొడతారా? ఊఁ కొడితేనే చెబుతాను మరి. అనగనగా, తుపాకులు కొత్తగా వచ్చిన కాలంలో, కొంగరదుర్గం అని ఒక కొండకోట ఉండేది. దాన్ని మల్లభూపతి అనే రాజు ఏలేవాడు.

ఆ కోటలో ఒక వింత ఆచారం ఉండేది. సిపాయి కాల్చిన గుండు గురి తప్పిందా, ఆ పూట వాడికి అన్నం లేదు! దసరా నాడు ఒక్కొక్క సీసపు గుండుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి మరీ సిపాయిల చేతికిచ్చేవారు. అలాంటి గుండును గాలిపాలు చేస్తే మహాపాపమని వాళ్ల నమ్మకం. "ఒక గుండు, ఒక తల!" అని గొప్పగా చెప్పుకొనేవారు. సేనను నడిపే దళవాయి తిప్పానాయుడైతే జన్మలో ఒక్క పూట పస్తున్నవాడు కాదు. ఆయన చెయ్యి తుపాకి మీద లేకపోతే మీసం మీద ఉండేది.

కోట దిగువన ఒక నీటి ఊట ఉంది. అది నాదంటే నాదని కొంగరదుర్గానికీ పక్కనున్న మిట్టపాలేనికీ తాతల నాటి తగువు. ఒక ఏడు ఎండలు మండిపోయాయి. కోటలో బావులు అడుగంటాయి. అదను చూసుకొని మిట్టపాలెం రాజు సేనతో వచ్చి, ఊటకు అవతల బండరాళ్ల చాటున తిష్ఠవేశాడు. కోటలోంచి ఎవరు కుండ పట్టుకొని దిగినా కాల్చేయమన్నాడు.

అయ్యో, ఆ కోటలో జనం పాట్లు ఏమని చెప్పను! ఓబులవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. కోట కింద జొన్నచేల మీద చిలుకలు పడకుండా వడిసెలతో రాళ్లు విసిరే కాపలా ఆమె. పోరు మొదలయ్యాక, తక్కిన చేలు కాసే ఆడవాళ్లతో పాటు, మనవరాలు ఈరమ్మను చంకనేసుకొని కోటలోకి వచ్చి తలదాచుకుంది. ఆ నాలుగేళ్ల పసిదానికి జ్వరం. పెదవులు పగిలిపోయాయి. ఏడుస్తుంటే కంట నీరైనా రావటం లేదు. "అవ్వా, నీళ్లు" అంటుంది, అంతే. మూడు రోజుల్లో నీళ్లు రాకపోతే ఆ పిల్ల దక్కదని వైద్యుడు చెప్పేశాడు.

మొదటి రోజు తిప్పానాయుడు మీసం దువ్వి గోడ మీద నిలబడ్డాడు. కోటగోడలో మనిషి పట్టేంత చిన్న తలుపు, దిడ్డివాకిలి, తెరిచారు. ఇరవైమంది ఆడా మగా కుండలు ఎత్తుకొని ఊట వైపు పరుగు తీశారు. ఢాం! బండల వెనకనుంచి ఒక గుండొచ్చి ఒక కుండ పగిలింది. ఢాం! ఇంకొకటి. కోటగోడ మీద వందమంది సిపాయిలున్నారు. ఒక్కడూ కాల్చడే! ఎందుకు కాలుస్తాడు? తప్పితే అన్నం లేదు కదా! శత్రువు తల రెప్పపాటు పైకి లేస్తుంది, మళ్లీ దాక్కుంటుంది. వీళ్లేమో ఒక కన్ను మూసి గురి చూస్తూనే ఉన్నారు.

ఆ రోజు కోటవాళ్లు కాల్చినవి మూడే మూడు గుండ్లు. మూడూ తిప్పానాయుడివే. మూడూ తగిలాయి. రాజు మెచ్చి మెడలో పూలమాల వేశాడు. మరి నీళ్లో? ఒక్క చుక్క రాలేదు. కుండలవాళ్లు వట్టి చేతులతో ఇంటిదారి పట్టారు.

రెండో రోజు రాజుకు పౌరుషం వచ్చింది. "ఇవాళ్టికి ఆచారం లేదు, ఏమీ లేదు! అందరూ ఒక్కసారే కాల్చండి!" అన్నాడు. వంద తుపాకులూ ఒక్కసారి పేలాయి. అబ్బో! కొండ అదిరింది, కాకులు లేచాయి, పొగకు కళ్లు కనపడలేదు. కుండలవాళ్లు సంబరపడి ముందుకురికారు. కానీ ఆ తరువాత? వందమందీ కూర్చొని తుపాకుల్లో మందు కూరుకోవాలి కదా! గోడ మీద చడీచప్పుడూ లేదు. బండల వెనక తలలన్నీ తీరిగ్గా లేచాయి. ఇద్దరికి గుండ్లు తగిలాయి. వాళ్లను మోసుకొని మిగిలినవాళ్లు పడుతూ లేస్తూ వెనక్కి వచ్చారు.

అది చూసి ఓబులవ్వ ఉండబట్టలేకపోయింది. చిక్కపు సంచిలో రాళ్లు, భుజాన వడిసెల, తిన్నగా రాజుగారి కొలువులోకి నడిచింది.

"దేవరా, రేపు గోడ మీద నన్ను నిలబెట్టండి" అంది.

కొలువంతా పకపకా నవ్వింది. తిప్పానాయుడు మరీనూ. "చేనుకాడ ఎన్నేళ్లు ఉన్నావే అవ్వా?" అన్నాడు.

"నలభై ఏళ్లు నాయనా."

"ఎన్ని చిలుకలను కొట్టావు?"

"ఒక్కటీ లేదు."

మళ్లీ నవ్వులు. ఓబులవ్వకు ఒళ్లు మండింది. "నవ్వండి, నవ్వండి! మరి చిలుకలు ఎన్ని కంకులు తిన్నాయో అడగరేం? ఒక్కటీ తినలేదు!" అంది.

రాజు ముందుకు వంగి, "అదెట్లా అవ్వా?" అన్నాడు.

"ఒక చిలుకకు గురి చూస్తూ కూర్చుంటే తక్కినవన్నీ చేను ఊడ్చేస్తాయి దేవరా. చేతిలో రాళ్లన్నీ ఒక్కసారే విసిరేస్తే, అవి లేచి ఒక చుట్టు చుట్టి మళ్లీ వాలతాయి. నేను పిట్టను కొట్టను. వాలే చోట కొడతాను. ఆగకుండా కొడతాను. నాకు పిట్టతో పనేముంది? నా చేను నాకు దక్కితే చాలు. మీకు ఆ తలలతో పనేముంది? మన కుండలు ఇల్లు చేరితే చాలు!"

రాజు లేచి నిలబడి, "రేపు ఈ అవ్వ మాటే నా మాట" అన్నాడు.

ఇక మూడో రోజు చూడాలి! ఓబులవ్వ వందమందినీ పది జట్లు చేసింది. ఒక జట్టు కాలుస్తుంటే తొమ్మిది జట్లు మందు కూరుకోవాలి. "తలలు వెతక్కండి, బండల అంచుల మీద కొట్టండి" అంది. గోడ మీద నిలబడి, చేనుకాడ కేకవేసినట్టే వేసింది. "హోయ్!" ఢాం. "హోయ్!" ఢాం. "హోయ్!" ఢాం. ఎడమన కొంచెం, కుడిన కొంచెం, మళ్లీ ఎడమన. బండల మీద పెళ్లలు లేస్తున్నాయి. అవతలివాళ్లు బోర్లా పడుకొని నేలను కరుచుకున్నారు. తల ఎత్తితే ఒట్టు!

కుండలవాళ్లు ఊటకు వెళ్లారు, ముంచారు, వచ్చారు. కుండలు దించి, కొత్తవి ఎత్తుకొని మళ్లీ వెళ్లారు. సరిగ్గా వాళ్లు ఊటకాడ వంగి ఉన్నప్పుడు తిప్పానాయుడు పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, గుండ్లు అయిపోయాయి! మందొక్కటే మిగిలింది!"

"ఉత్త మందే పేల్చండి! చప్పుడు ఆపారో, మనవాళ్లు చచ్చారే!" అని ఓబులవ్వ భుజాన వడిసెల దించింది. "చేను కాసే అమ్మల్లారా, రండే!" అని గొంతు చించుకొని అరిచింది. ఇరవై వడిసెలలు లేచాయి. తుపాకులు ఢాం అంటున్నాయి, రాళ్లు బండల మీద ఠప్పుమంటున్నాయి. బోర్లా పడుకున్నవాడికి అది గుండో, గులకరాయో ఎట్లా తెలుస్తుంది? ఒక్క తలా లేవలేదు. కడపటి కుండ లోపలికి వచ్చింది. దిడ్డివాకిలి మూసుకుంది. కోటంతా "హో" అని కేకలు!

తిప్పానాయుడు మాత్రం తల వంచుకొని రాజు ముందుకు వచ్చాడు. "ప్రభూ, వేల గుండ్లు కాల్చాం. చచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆచారం ప్రకారం ఈ పూట సేనంతా పస్తే!" అన్నాడు.

"ముందు ఆ కుండలు లెక్కపెట్టు నాయుడూ."

"నలభై, ప్రభూ."

"పగిలినవి?"

"లేవు, ప్రభూ."

"మరి గురి తప్పిందంటావేమయ్యా! వడ్డించండి అందరికీ!" అని రాజు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతోనే, "అవ్వా, రేపూ ఇలాగే కొడదాం!" అన్నాడు.

ఓబులవ్వ అప్పటికి ఈరమ్మ నోట్లో గుక్క గుక్కగా నీళ్లు పోస్తోంది. తల తిప్పకుండానే అంది: "రేపటికి సీసం ఏది దేవరా? ఏడాదికి దాచింది ఒక్క పూటకు అయిపోయింది. చిలుక మర్నాడు మళ్లీ వస్తుంది. దానికి నా మాట తెలియదు కనుక నేను రోజూ రాళ్లు విసురుతాను. ఆ బండల వెనక ఉన్నవాళ్లు మన మాటే మాట్లాడతారు కదా! పొద్దుటినుంచి ఎండలో పడుకొని వాళ్ల నోళ్లూ ఎండి ఉంటాయి."

రాజు నిండు కుండల వైపు ఒకసారి చూశాడు. తరువాత తిప్పానాయుణ్ణి పిలిచి ఏదో చెప్పాడు. దళవాయి తుపాకి గోడకు ఆనించి, నిండు కుండ ఒకటి తలకెత్తుకొని, దిడ్డివాకిలి దాటి ఒంటరిగా బండల వైపు నడిచాడు. కోటంతా గోడ ఎక్కి చూసింది. ఎవరూ కాల్చలేదు. ముందు ఒక తల లేచింది. తరువాత పది. తరువాత అన్నీ లేచాయి. దుమ్ము కొట్టుకున్న దోసిళ్లు కుండ చుట్టూ చేరాయి.

ఆ సాయంత్రమే రాజులిద్దరూ రాజీపడ్డారు. మర్నాటినుంచి ఊట ఒక రోజు వాళ్లది, ఒక రోజు వీళ్లది. ఈరమ్మ లేచి ఆడుకుంది. ఓబులవ్వ తన చేనుకు తాను పోయింది.

విన్నారా పిల్లలూ! పోరులో గుండ్లన్నీ ప్రాణాలు తీయటానికే ఖర్చుకావు, ఎదుటివాడి తల వంచి ఉంచటానికే చాలా మటుకు ఖర్చవుతాయి, అందుకే ఎన్ని ఉన్నా చాలవు. తలలు వంచటానికి వేల గుండ్లు కావాలి; వంగిన తలలు ఎత్తించటానికి ఒక్క కుండ నీళ్లు చాలు.