చినుకుగుడి గోడ

తుమ్మెదకోన అనే అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, ముళ్ళపందులు కలిసి బతికేవి. కోన నడుమ, అటూ ఇటూ రాళ్ళు పేర్చి కట్టిన గోడలతో ఒక పాత రాతి గుహ ఉండేది. దాన్ని అందరూ చినుకుగుడి అనేవారు.

అందులో విగ్రహం లేదు. కప్పులోని నెర్రె నుంచి ఒక్కొక్క చినుకే జారి కింద గుండ్రాయి మీద పడేది. ఎంత మండువేసవిలోనైనా అది ఆగేది కాదు. ఆ చినుకే వాళ్ళకు దేవుడు. తెల్లవారగానే వచ్చి, తలా ఒక చినుకు నాలుకతో అందుకుని వెళ్ళేవారు. మొదటి చినుకు ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్ళది.

ఆ ఏడు పక్క అడవి కాలిపోయింది. అక్కడి జింకలు పిల్లలతో తుమ్మెదకోనకు వచ్చి చేరాయి. గుడి చాలలేదు. పిల్లజింకలు బయట ఎండలో నిలబడి సొమ్మసిల్లేవి. ఒక గోడ తీసేసి గుడిని పెద్దది చేద్దామన్నాడు ఎలుగుబంటి బండెన్న. అందరూ సరేనన్నారు.

ఏ గోడ తియ్యాలో ఏనుగు పెద్దమ్మ ఐరావతమ్మ చెప్పాలి. తూర్పు గోడ, పడమటి గోడల్లో ఒకదాన్ని ముట్టుకోరాదని, కొండనీరు దాని నెత్తి మీదుగానే కప్పులోకి చేరుతుందని ఆమెకు చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. ఆ చెప్పిన గొంతు ఐరావతమ్మకు గుర్తుంది. అమ్మమ్మ ఒంటి మీది బురద వాసన కూడా గుర్తుంది. ఏ గోడో మాత్రం గుర్తు రాలేదు.

అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. మొన్న ఆమె బండెన్నను చనిపోయిన వాళ్ళ నాన్న పేరుతో పిలిచింది. అప్పటినుంచి కొండముచ్చులు "పెద్దమ్మా, నేనెవరో చెప్పుకో" అని ఆట పట్టిస్తూనే ఉన్నాయి. మళ్ళీ నవ్వులపాలు కావాలా అనుకుంది.

"పడమటిది తియ్యండి" అంది గట్టిగా.

ముళ్ళపంది సూదక్క మెల్లగా దగ్గరికొచ్చింది. "పెద్దమ్మా, ఒక్క పూట ఆగుదాం. మిగతా ముసలివాళ్ళను కూడా అడిగి చూద్దాం."

"ఏనుగు మతికి ముళ్ళపంది సాక్ష్యం కావాలా?" అంది ఐరావతమ్మ. ఆ మాటతోనే వెళ్ళి గోడను నుదుటితో తోసేసింది. గుడి విశాలమైంది. పిల్లజింకలు లోపల గంతులేశాయి.

మర్నాడు తెల్లవారగానే ఒక పిల్లజింక గుండ్రాయి దగ్గర నాలుక చాచి నిలబడింది. చినుకు పడలేదు. నాలుక ఎండిపోయేదాకా నిలబడినా పడలేదు.

"అమ్మా, దేవుడికి కోపం వచ్చిందా?" అని అడిగింది.

బండెన్న గుర్రుమన్నాడు. ఎక్కడివాళ్ళనో గుడిలోకి రానిస్తే ఇంతేనని, జింకలు కోన విడిచి వెళ్ళాలని అన్నాడు. అవునవునని కొందరు తలలూపారు. తల్లిజింక పిల్లను ముందుకు తోసుకుంటూ గుమ్మం వైపు కదిలింది.

ఐరావతమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల నాలుక ఇంకా బయటే ఉంది.

"ఆగు తల్లీ" అంది. "దేవుడికి కోపం రాలేదు. నాకు ఏ గోడో గుర్తు రాలేదు. చెప్పడానికి సిగ్గేసి, నోటికొచ్చింది అనేశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

సూదక్క ముసలివాళ్ళందరినీ అడిగింది. పడమటి గోడ మీది పాచిలో జారిపడిన సంగతి ముసలి కొండముచ్చుకు గుర్తుంది. అది ఎప్పుడూ తడిగా ఉండేదని ఇంకొకరు చెప్పారు. కొండనీటి దారి ఆ గోడేనని తేలింది. ఐరావతమ్మ తొండం తోలు ఊడేలా ఒక్కతే రాళ్ళన్నీ ఎత్తి పేర్చింది. మిగతావాళ్ళు సందుల్లో బంకమట్టి మెత్తారు. కొత్తవాళ్ళ కోసం గుమ్మం ముందు పెద్ద పందిరి వేశారు.

చాలా రోజులకు చినుకు మళ్ళీ పడింది. కానీ పాత వేగం లేదు. ఒక్కో చినుకు కోసం అందరూ చాలాసేపు కాచుకోవాలి. అలా కాచుకున్న ప్రతిసారీ ఐరావతమ్మ వరుసలో చివర తల వంచుకుని నిలబడేది.

ఒకనాడు ఆమె బండెన్న వైపు తిరిగింది. "నీ పేరేమిటి నాయనా? నోటి చివర ఉంది, రావడం లేదు" అంది. అతను చెప్పాడు. తరవాత పిల్లలందరినీ పిలిచి పడమటి గోడ చూపించింది. "నేను మరిచిపోతాను. మీరు నాకు చెప్పాలి. ఏది, ఏ గోడో అనండి" అని వాళ్ళ చేత పలికించింది.

నీతి: గుర్తు లేనప్పుడు గుర్తు లేదంటే సిగ్గు ఒక్క క్షణమే, గుర్తున్నట్టు చెబితే నష్టం పదిమందికి.