ఏమీ గీయని బిళ్ళ

అనగనగనగా, ఏరు మలుపు తిరిగే చోట ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అందరూ కుండలు చేసేవాళ్ళే. పొద్దున లేస్తే ప్రతి ఇంటి ముందూ కుమ్మరి సారె తిరుగుతుండేది. ఏటి మీది మంచు, కుండలు కాల్చే ఆవంలోంచి వచ్చే పొగ కలిసిపోయి ఊరు ఊరంతా మబ్బులో తేలుతున్నట్టుండేది. కాళ్ళు ముడుచుకో తల్లీ, దుప్పటి సర్దుతాను. ఆఁ, ఇప్పుడు విను.

ఆ ఊళ్ళో అప్పన్నకీ సన్యాసమ్మకీ పైడి అని ఒక్కగానొక్క కూతురు. పైడి అందరి పిల్లల్లాంటిదే, కానీ మనం మాట్లాడే మాటలు ఆ పిల్ల దగ్గర నిలిచేవి కావు. "నీళ్ళోసుకుందాం, జడేసుకుందాం, బడికెళ్దాం" అని తల్లి అంటే, ఆ మాటలు పిచ్చికల్లా వచ్చి వాలేవి. పట్టుకునేలోపే తుర్రుమనేవి. తర్వాత ఏం జరగబోతోందో తెలీక పైడి గుండె దడదడలాడేది. ఎవరైనా చెయ్యి పట్టి లేపితే చెవులు మూసుకుని ఏడ్చేది.

మొండితనం కాదమ్మా అది, భయం. కళ్ళకి గంతలు కట్టి నడిపిస్తే నీకూ అలాగే ఉంటుంది.

బడిలో మాత్రం ఒక్కటంటే పైడికి ప్రాణం. పొద్దున్నే పిల్లలంతా నిలబడి పాడే ప్రార్థన. మాటలు వచ్చేవి కావు గానీ రాగం వచ్చేసింది. సాయంత్రం ఇంటికొచ్చి, మట్టిముద్ద ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ రాగమే సన్నగా తీసేది. అప్పుడు ఆ మొహం చూడాలి, ప్రమిదలో వత్తి వెలిగినట్టుండేది.

ఒకరోజు కనకరత్నం పంతులమ్మ ఇంటికొచ్చింది. మంచిదే, పాపం.

"సన్యాసమ్మా, ప్రార్థన అయ్యాక పలకలు తీయమంటే మీ పిల్ల ఏడుస్తుంది. పలకలు పెట్టేసి అన్నానికి లేవమంటే మళ్ళీ ఏడుస్తుంది. చిన్నపిల్లలు జడుసుకుంటున్నారు. దసరా దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంటి దగ్గరే ఉంచుకో."

సన్యాసమ్మ కూతురి వైపు తిరిగింది. అరుగు మీద పైడి రాగం తీస్తోంది. ఆ పాటే లేకపోతే ఈ పిల్లకి ఇంకేం మిగులుతుంది స్వామీ, అనుకుంది.

అప్పుడు చూసింది. ఆరబెట్టిన కుండ మీద తను వేసిన చేప బొమ్మని పైడి వేలితో నిమురుతోంది. తోక దాకా వెళ్ళి మళ్ళీ తల దగ్గరికొస్తోంది. మాటలైతే ఎగిరిపోతాయి, బొమ్మ ఎక్కడికీ పోదు కదా! అంతే, సన్యాసమ్మకి ఉపాయం తట్టింది.

మర్నాడు అరటాకు మీద బొగ్గుతో వరసగా బొమ్మలు వేసింది. చెంబు, దువ్వెన, బడి. పైడి చెంబు బొమ్మ మీద వేలు పెట్టింది. తనంతట తనే నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచింది! కానీ స్నానం చేసి వచ్చేసరికి ఆకు లేదు. మేక నములుతోంది. పైడి బావురుమంది.

"బడిని మొత్తం మింగేసింది. ఇక మనింట్లో చదువుకున్నది మేకే," అన్నాడు అప్పన్న.

"నవ్వండి, నవ్వండి. కట్టెయ్యమని రాత్రి ఎవరికి చెప్పానో!" అంది సన్యాసమ్మ.

ఆ తర్వాత అరుగు మీద బియ్యప్పిండితో వేసింది. చెంబు అయింది, దువ్వెన అయింది. జడ ముడి వేసేసరికి చీమలు బారులు తీరి బడిని మోసుకుపోతున్నాయి. తలుపు పోయింది, కిటికీ పోయింది. చీమలకి పిండి దొరికిన చోట చీపురు వేయడానికి సన్యాసమ్మకి చేతులు రాలేదు. తెల్లటి పిండిబడి అలా గోడ ఎక్కి, సన్నటి దారంలా చూరులోకి వెళ్ళిపోయేదాకా తల్లీకూతుళ్ళు చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు ఇక బడి లేదు.

మూడోసారి మట్టి తెచ్చింది. చిన్న చిన్న బిళ్ళలు చేసి, పుల్లతో బొమ్మలు గీసి, తాడుకి వేలాడేలా చిల్లులు పెట్టింది. అప్పన్న వాటిని ఆవంలో కాల్చాడు. చల్లారాక తీసి చూస్తే, ఒకదాని మీద ఏమీ లేదు.

"ఇదేంటే?"

"పాలు పొంగితే లేచాను, గీయడం మర్చిపోయాను. పారేయండి."

పైడి పారేయనిస్తేనా! లాక్కుని బుగ్గకి ఆనించుకుంది.

ఆ రోజు నుంచి గుమ్మం పక్కన ఒక తాడు కట్టారు. తాడుకి బిళ్ళలు వరసగా. కింద ఒక కుండ. ఒక పని అవగానే పైడి ఆ బిళ్ళ తీసి కుండలో వేసేది. టంగ్! ఆ చప్పుడంటే ఎంత ఇష్టమో. బడిలో కూడా పంతులమ్మ కిటికీ పక్కన ఒక తాడు కట్టనిచ్చింది, కింద ముంత పెట్టనిచ్చింది. పాట బిళ్ళ, పలక బిళ్ళ, కంచం బిళ్ళ, ఇల్లు బిళ్ళ. తర్వాత ఏం వస్తుందో కళ్ళకి కనిపిస్తుంటే ఇంకెందుకు ఏడుస్తుంది?

అంతా బాగుంది అనుకుంటుండగా ఏరు పొంగింది. బడికి దారి మునిగిపోయింది. పైడేమో బడి బిళ్ళ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కాసేపట్లో వెళ్దాంలే అని చెప్పడానికి సన్యాసమ్మ నోరు తెరిచింది. అంతలోనే మూసుకుంది. ఈ తాడొక్కటే పిల్ల నమ్ముకుంది, దీని దగ్గర కూడా అబద్ధమాడితే ఎలా?

అప్పుడు పిల్ల చేతిలోంచి బడి బిళ్ళ తీసుకుని, తాడు మీద ఆ చోట ఏమీ గీయని బిళ్ళ తగిలించింది. పైడి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తల్లి పక్కనే కూర్చుని వీపు నిమిరింది.

"ఇందులో ఏముందో నాకూ తెలీదు తల్లీ. స్వామికి తెలుసు. ఇద్దరం కలిసి చూద్దాం."

చూస్తూ కూర్చున్నారు. అప్పుడు వానలోంచి ఒక కప్ప ఎగిరి లోపలికొచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది, గెంతి బిళ్ళల కుండలో పడింది. టంగ్! పైడి కిలకిలా నవ్వింది.

ఆ తర్వాత సన్యాసమ్మ అప్పుడప్పుడూ కావాలనే ఆ బిళ్ళ తగిలించేది. ఒకసారి తాతయ్య తేగలు పట్టుకొచ్చాడు. ఒకసారి వేడి వేడి బెల్లం పాకం వచ్చింది. ఇంకోసారి ఏమీ రాలేదు, ఏటి మీదుగా మబ్బులు వెళ్తుంటే ఊరికే చూశారు. అదీ బాగానే ఉంది.

దసరా దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం బడిలో పలకల మీద రాస్తుంటే ఆకాశం నల్లబడింది. పట్టపగలే చీకటి కమ్మింది. గాలికి రెండు పెంకులు ఎగిరిపోయాయి. ఉరుము ఉరిమింది. పిల్లలంతా ఒక్కసారే కేకలు పెట్టారు. ఇళ్ళకి పంపాలా, లోపలే ఉంచాలా? పంతులమ్మ తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

పైడి చెవులు మూసుకుంది. తాడు వైపు చూసింది. అక్కడ పలక బిళ్ళ వేలాడుతోంది. కానీ ఇప్పుడు ఎవరూ రాయడం లేదే!

అప్పుడు మెల్లగా చెవుల మీంచి చేతులు తీసింది. లేచి వెళ్ళి పలక బిళ్ళ తీసేసింది. తన సంచీ అడుగున వెతికి, ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న ఏమీ గీయని బిళ్ళ తగిలించింది. దాని కిందే కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రార్థన రాగం ఎత్తుకుంది.

ముందు ఒక చిన్నపిల్ల వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకరు. పైడి రాగంలోకి వాళ్ళ మాటలు వచ్చి చేరాయి. ఆ మాటలు ఈసారి ఎగిరిపోలేదు. చివరికి పంతులమ్మ కూడా కొంగు సర్దుకుని నేల మీద చతికిలబడింది. బయట వాన, లోపల పాట. అలా పాడుతూనే ఉన్నారు, ఉరుము అలిసిపోయి కొండ వెనక పడుకునేదాకా.

వాన వెలిశాక సన్యాసమ్మ తాటాకు గొడుగు పట్టుకుని పరుగున వచ్చింది. ఆమెని చూసి పైడి లేచింది. బిళ్ళ తీసి ముంతలో వేసింది. టంగ్!

"సన్యాసమ్మా," అంది పంతులమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "దసరా అయ్యాక కూడా పిల్లని పంపు. ఇంకోమాట. ఆ బిళ్ళలు బడంతటికీ కావాలి. ఏమీ గీయనిది మాత్రం నాకోసం విడిగా ఒకటి చెయ్యి."

మన దేవుడి గూట్లో దీపం పక్కన గుండ్రటి మట్టి బిళ్ళ ఎందుకుంది, దాని మీద ఏ దేవుడూ లేడేం అని మొన్న అడిగావు చూడు. పైడి మా అమ్మకి వరసకి పెద్దమ్మ, ఆ బిళ్ళ ఆవిడదే. రోజూ పొద్దున్నే దానికి దణ్ణం పెట్టుకునే నేను తలుపు తీస్తాను. ఇక కళ్ళు మూసుకో బంగారం.

చెంబు బిళ్ళ కుండలోకి,
దువ్వెన బిళ్ళ కుండలోకి,
పైడి కథ కంచిలోకి,
పాప కళ్ళు నిద్రలోకి,
రేపటి బిళ్ళ గూటిలోకి,
మనమిద్దరం ఇంటిలోకి.
టంగ్!