ఓవర్ అన్న బావకి పెద్దకార్యం

గుళ్ళపాలెంలో బుర్ర ఎవరికి ఎక్కువ అని అడిగితే సూరప్పడు తన ఇంటివైపే వేలు చూపిస్తాడు. "ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తాం. తెలివంటే అదే కదా!" అంటాడు. తమ్ముడు గవరయ్య, పెళ్ళాం నరసాయమ్మ అవునవునని తలలూపుతారు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకేముంది, అది నిజమైపోయింది.

వీళ్ళ చెల్లెలు పాపమ్మని మన్యం కొండల్లో ఇచ్చారు. ఆమె మొగుడు త్రినాథకి, ఫోను లేకుండానే ఊరూరివాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియో పిచ్చి, లైసెన్సు కూడా ఉంది. పాపమ్మకి నెలలు నిండుతున్నాయి, పైగా తుపాన్ల కాలం. అందుకని ఓ రోజు బావ కొండ దిగొచ్చి, పాత లాప్‌టాప్పూ, దానికి గుచ్చే బొటనవేలంత రేడియో ముక్కా, ఇంత వైరూ ఇచ్చాడు.

"దీనికి కావలసిన ప్రోగ్రాం ఉచితం బావా. నెట్‌లోంచి దించుకోండి. ఫోన్లు పోయినా నా మాట మీకు వినపడుతుంది" అని చెప్పి వెళ్ళాడు.

అంతే! మంచం మీది దోమల నెట్ దించారు. దులిపారు. దోమలు రాలాయిగాని ప్రోగ్రాం రాలలేదు.

"నెట్‌కి చిరుగుంది, జారిపోయుంటుంది" అని నరసాయమ్మ సూదీ దారం తీసింది. చివరికి సెల్ షాపాయన కడుపుబ్బా నవ్వుకుని, తనే దించి, లాప్‌టాప్‌లో ఎక్కించి పంపాడు.

పెట్టగానే ఒకటే గరగర. బావకి ఫోన్ చేశారు.

"వైరు ఎంత ఎత్తున కడితే అంత మంచిది. అయినా గరగర తగ్గకపోతే ఎర్తు పెట్టండి."

"ఎర్తంటే?"

"మట్టి బావా, మట్టి!"

గవరయ్య బుర్ర గోక్కున్నాడు. "ఎత్తునా ఉండాలి, మట్టిలోనూ ఉండాలి. ఎలాగన్నయ్యా?"

సూరప్పడికి మెరుపులా తట్టింది. ఇంకేముంది, బండెడు మట్టి తెచ్చి డాబా మీద కుప్పపోసి, అందులో వైరుని పాతిపెట్టారు. "పెద్దపెద్ద ఇంజనీర్లకే తట్టదిది" అని ముగ్గురూ మురిసిపోయారు.

తుపాను రానే వచ్చింది. డాబా మీది బురద నరసాయమ్మ పప్పులోకి కారింది. ఫోన్లు పోయాయి. వాన మట్టిని కడిగేసి వైరు బయటపడేసరికి, లాప్‌టాప్‌లో బావ గొంతు ఖణీమని పలికింది.

"పాపమ్మకి నొప్పులొస్తున్నాయి. ఘాట్ రోడ్డు తెగిపోయింది. విన్నవాళ్ళు ఎవరైనా ఆసుపత్రికి కబురు పెట్టండి. ఓవర్."

"ఏమన్నాడు?" అంది నరసాయమ్మ.

"ఓవర్ అన్నాడే! అంటే అయిపోయింది. మన పాపమ్మ అయిపోయిందే!" అని సూరప్పడు కూలబడ్డాడు. రేడియోవాళ్ళు తమ మాట అయింది, ఇక మీరు చెప్పండి అనడానికి ఓవర్ అంటారని వాళ్ళకేం తెలుసు! ఇల్లంతా ఏడుపులు. ఆసుపత్రి వీధి చివరే ఉంది. అటు ఒక్కడూ పోలేదు. గవరయ్య గొడుగేసుకుని పెద్దకార్యానికి వంటవాళ్ళని కుదర్చడానికి పరిగెత్తాడు.

వాడు తిరిగొచ్చేసరికి పెట్టెలో మళ్ళీ బావే. "ఎవరైనా వింటున్నారా? ఓవర్."

"అయ్యో, బావ కూడా పోయాడు!"

"పోయినవాడు ఎలా మాట్లాడతాడన్నయ్యా?"

"మన బావ మాటకారిరా. పోయినంతమాత్రాన ఊరుకుంటాడా?"

ఇంతలో విశాఖ నుంచి ఇంకో గొంతు. "విన్నాను త్రినాథ గారూ. ఆసుపత్రికి చెప్పాను, అడ్డదారిన నర్సుని పంపుతున్నారు. ఓవర్."

"పాపం, ఈయనెవరో సాయం చేద్దామని వచ్చి పోయాడు!" అని నరసాయమ్మ ముక్కు చీదింది.

తెల్లారాక బావ గొంతే మళ్ళీ. "ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఓవర్."

"పుట్టీ పుట్టగానేనా!" అని ముగ్గురూ గుండెలు బాదుకున్నారు. వాళ్ళకి వినడం వచ్చు. అర్థం చేసుకోవడం మాత్రం కిట్టని పని.

రోడ్డు బాగయ్యాక బావా పాపమ్మా బిడ్డనెత్తుకుని కొండ దిగొచ్చారు. వచ్చేసరికి ఇంటిముందు షామియానా, విస్తళ్ళు, గారెలు. గోడన పాపమ్మ ఫొటోకి దండ, బావ ఫొటోకి దండ. పసిపిల్లకి ఫొటో లేదు కాబట్టి క్యాలెండర్‌లో పాపాయికి దండ. విశాఖాయన మొహం ఎరగరు గనక ఖాళీ ఫ్రేముకి దండ.

పాపమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "నొప్పులు పడుతూ మా అన్నయ్యలు వింటున్నారు, ఎవర్నో పంపుతారు అనుకున్నానయ్యా. ముక్కూమొహం తెలీనాయన పంపాడు. మీరు గారెలు వండించారా?"

"నీకిష్టమనే వండించామమ్మా. చల్లారిపోతాయి, కూర్చుని తిను" అన్నాడు సూరప్పడు ప్రేమగా.

బావకి తిట్టే ఓపిక కూడా లేకపోయింది. "ఆ ప్రోగ్రాం రాసిన పుణ్యాత్ములెవరో పైసా తీసుకోకుండా లోకానికిచ్చారు. అది మీ దగ్గరుంటే దండగ. పదిమందికీ పంచండి, ఎవరో ఒకరు బాగుపడతారు" అనేసి, పాపమ్మని తీసుకుని వెళ్ళిపోయాడు.

అంతే! గవరయ్య రంపం తెచ్చాడు. లాప్‌టాప్‌ని కొబ్బరిచెక్కలా పది ముక్కలు కోశారు. నరసాయమ్మ పళ్ళెంలో సర్దింది. సూరప్పడు గడపగడపకీ తిరిగి, "ఉచితం, ఉచితం!" అంటూ తలో ముక్కా చేతిలో పెట్టి, చెవి దగ్గర ఎలా పట్టుకోవాలో నేర్పించాడు.

చాకిరేవు వీధిలో చిట్టెమ్మ తన ముక్కని ఈ చెవికీ ఆ చెవికీ మార్చి మార్చి పెట్టుకుంది. "నాకేం వినపడట్లేదే, నాయనా!"

సూరప్పడు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ వాటాకి నిశ్శబ్దం వచ్చినట్టుంది పిన్నీ. పక్కింటివాళ్ళది ఇంకా ఎవరూ వాడలేదు, మార్చుకో."