చిదంబరం ఊపిరి పాఠం

ఏమండీ, మీ పిల్లల బడిలో నేల తుడిచే నీళ్ళలో ఏం కలుపుతున్నారో మీలో ఒక్కరికైనా తెలుసా? తెలియదు కదూ! చిదంబరానికి తన బడి సంగతి తెలుసు. స్వయంగా కలిపేది అతనే.

వరదమ్మగారి ఆశ్రమ పాఠశాలలో ఆమె శిష్యుడైన అతనికి రెండు పనులు. గదులు శుభ్రంగా ఉంచడం, పిల్లలకి ప్రాణాయామం నేర్పడం. రెండింట్లోనూ తనకి సాటి లేరని అతని నమ్మకం. బజారులో దొరికే క్రిముల మందుల్లోకెల్లా ఘాటైనది ఏరి తెచ్చేవాడు. మూతతో కొలిచి పోయమని డబ్బా మీద రాసుంటే, అది పిసినారుల కోసమని చెంబుతో పోసేవాడు.

"బల్లులు కూడా పారిపోయాయమ్మా!" అన్నాడు ఒక ఉదయం, ఛాతీ విరుచుకుని.

"పోవా మరి? వాటికి హాజరుపట్టీ లేదు కదా" అంది వరదమ్మ.

అది మెచ్చుకోలే అనుకుని చిదంబరం అసలు ఫిర్యాదుకి దిగాడు.

"పిల్లలు ఊపిరి వదలమంటే వదులుతున్నారు. పీల్చమంటే మాత్రం బిగబట్టుకు కూర్చుంటున్నారు. ఆ దేవసేన మరీనూ! సెలవుల్లో ఇంటికెళ్తే రాని దగ్గు నా పాఠంలోనే వస్తుంది. ఏకాగ్రత లేదమ్మా ఆ పిల్లకి. సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మని వాళ్ళ నాన్నకి కబురు పెట్టేశాను."

వరదమ్మ లేచింది. పిల్లల్ని వరండాలోనే ఆపి, అప్పుడే తుడిచిన గదిలో దేవసేన కూర్చునే చోటు చూపించింది.

"కూర్చో నాయనా. ఎలా పీల్చాలో నువ్వే చూపించు."

"ఇక్కడా?" అన్నాడు చిదంబరం. అతనెప్పుడూ గుమ్మం పక్కన కుర్చీలోంచే పాఠం చెప్పేవాడు.

పద్మాసనం వేశాడు. ఊపిరి పీల్చాడు. సగంలో ఆగాడు.

"ఇంకా లోతుగా" అంది వరదమ్మ, కిటికీ అవతల నుంచి.

పీల్చాడు. కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"నాభి దాకా వెళ్ళాలి నాయనా. రోజూ నువ్వు చెప్పేదేగా!"

నాభి దాకా వెళ్ళలేదు, గొంతు దగ్గరే తిరగబడింది. వేసిన పద్మాసనం విప్పుకోవడం కూడా మర్చిపోయి, చేతుల మీద దేకుతూ వచ్చి గుమ్మం అవతల పడ్డాడు. ఒకటే దగ్గు. పిల్లలు పగలబడి నవ్వారు.

దేవసేన మాత్రం మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది.

"మొదట్లో అంతే సార్. పైపైన పీల్చండి, అలవాటైపోతుంది."

చిదంబరం నీళ్ళు తాగి, గ్లాసు దేవసేనకిచ్చి వరదమ్మ వైపు తిరిగాడు.

"మరి క్రిములు చావొద్దా అమ్మా?" అన్నాడు నీరసంగా.

"పిల్లలు కూర్చునే నేలకి వాసనలేని సబ్బునీళ్ళు చాలు. తలుపులు బార్లా తీసి తోము. మరుగుదొడ్లకి మందు కావాల్సొస్తే పిల్లలు లేనప్పుడు, డబ్బా మీద రాసినంతే. మందులో మందు మాత్రం కలపకు."

సాయంత్రం దేవసేన తండ్రి వచ్చేసరికి గది కిటికీలన్నీ తెరిచున్నాయి. చిదంబరం పంచె ఎగ్గట్టి నేల తోముతున్నాడు.

"అమ్మాయి పెట్టె ఎక్కడుందండీ?"

చిదంబరం వరండా చివరున్న మందు డబ్బా చూపించాడు.

"వెళ్ళేది అమ్మాయి కాదండీ. అది."

ఇక మీ వంతు. రేపే మీ పిల్లల బడికి వెళ్ళండి. వాళ్ళ పక్కనే నేలమీద కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చండి. దగ్గొచ్చిందా, నేల తుడిచే మందు డబ్బా తెప్పించి దానిమీద ఏం రాసుందో హెడ్మాస్టరు చేత పైకి చదివించండి. ఆ మందు మార్చేదాకా అక్కణ్ణుంచి లేవకండి.