బావురుపిల్లి ఊరబెట్టిన జన

గోదావరి సముద్రంలో కలవబోయే ముందు పాయలు పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల మధ్య మడ అడవి. అక్కడ నేల రోజుకు రెండుసార్లు నీళ్ళలో మునుగుతుంది, రెండుసార్లు తేలుతుంది. ఎవరి బతుకు వాళ్ళు పోటుకీ పాటుకీ మధ్యే వెతుక్కోవాలి.

ఆ అడవిలో ఒక పాయ మలుపు దగ్గర, మిగతా గట్టుకంటే మూడు మూరలు ఎత్తున్న చోట బావురుపిల్లి కాపురం. కాపురమంటే తనూ, ఇంకా ఈత రాని రెండు కూనలూ. కూనల తండ్రి ఏమయ్యాడని ఎవరూ అడగరు. తండ్రుల సంగతి అడగకపోవడం ఆ అడవి మర్యాద. అమావాస్య పోటు ఎంత పొంగినా ఆ బొరియలోకి చుక్క నీరు రాదు. అడవిలో అలాంటి చోటు అదొక్కటే.

బావురుపిల్లికి చేపలే తిండి. వాటిని పట్టడానికి తన దగ్గర ఒక పనితనం ఉంది. కడుపుతో ఉన్న జెల్ల చేప దొరికితే, దాని కడుపులోని గుడ్ల గుత్తిని, అంటే జనని, తినేయకుండా ఊరబెట్టి ఎరగా వాడుతుంది. జెల్ల గుడ్లు చిన్నవి కావు, పసుపు రాసిన గోళీల్లా ఉంటాయి. ఊరిన జన నీళ్ళలోకి దించితే దూరంగా పోయే చేప కూడా వెనక్కి తిరుగుతుంది.

ఒకనాడు నక్క ఆ వాసన పట్టుకుని వచ్చింది.

"వదినా! పాయంతా ఘుమఘుమలాడుతోంది. ఏం వండుతున్నావేంటి?"

"వంట కాదు మరిదీ, ఎర."

"ఎలా చేస్తావో కాస్త చెబుదూ."

"దాచడానికేముంది? జన పొర చిరక్కుండా తియ్యాలి..."

"తెలుసులే."

"గుంటల్లో నీళ్ళెండి పేరిన ఉప్పు చల్లి, ఇదిగో ఈ కొబ్బరి చిప్పలో రెండు రోజులుంచాలి. ఊట దిగుతుంది..."

"తెలుసులే. మా అమ్మా ఏవేవో ఊరబెట్టేది."

"మూడో రోజు జన ఒక్కటే తీసి ఆకుల మీద నీడన ఆరబెట్టాలి. ఎండ తగిలితే పగులుతుంది. ఆరాక మళ్ళీ..."

"తెలిసిందిలే వదినా! ఆరాక గాలానికి కట్టడమే. ఈమాత్రం దానికి ఇంత ఉపన్యాసమా?"

ఆరాక మళ్ళీ ఊటలోనే వెయ్యాలనీ, ఊట తాగాకే జనకి పస వస్తుందనీ బావురుపిల్లి చెప్పబోయింది. వినాల్సిన చెవులు తోకతో సహా వెళ్ళిపోయాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బావురుపిల్లి కూనలకి పాలిస్తూ కునుకు తీసింది. నక్క వచ్చి ఆకుల మీద ఆరుతున్న జనని మొత్తం ఎత్తుకుపోయింది. పక్కనే చిప్పలో ఎర్రటి చిక్కటి ఊట ఉంది. నక్క మూతి పెట్టి చూసి, "ఛీ, కడుగునీళ్ళు" అని దాన్నొదిలేసింది. తిన్నగా నీటికుక్క దగ్గరికి వెళ్ళింది. పాయలో తగవులు తీర్చే పెద్ద అదే.

"ఆయ్, పెద్దయ్యగారూ! నేనో విద్య కనిపెట్టానండి. చేపని చేపగుడ్డుతోనే రప్పించడం."

నీటికుక్క మీసం సవరించుకుంది. "అది బావురుపిల్లి చేసే పనే కదయ్యా?"

"ఆవిడది అలవాటండి. నాది విద్య. తేడా లేదూ?"

బావురుపిల్లి పంపిన చేపలు ఏళ్ళ తరబడి తిన్న నీటికుక్కకి ఆ తేడా ఎన్నడూ కనబడలేదు. అయినా, చెప్పినవాడికి అంత ధీమా ఉంది కాబట్టి ఉండే ఉంటుందనుకుంది.

ఈలోగా బావురుపిల్లి పరుగున వచ్చింది. "అది నా జన, పెద్దయ్యా. వీడు ఎత్తుకొచ్చాడు."

"సాక్ష్యం ఉందా అమ్మా?"

"దాని ఊట నా చిప్పలో ఉంది."

"ఊట వచ్చి సాక్ష్యం చెబుతుందా?" అని నక్క పగలబడి నవ్వింది. "ఎందుకండీ ఈ గొడవ? పందెం పెట్టండి. రేపు పొద్దుటి పోటుకి ఎవరి ఎరకి పెద్ద చేప పడితే మలుపు వాళ్ళది. ఎత్తైన చోటు విద్య ఉన్నవాడికి ఉండాలి కానీ, చంటిపిల్లలకెందుకండీ?"

"బావుంది. ఓడినవాళ్ళు సాయంత్రం పోటులోగా ఖాళీ చెయ్యాలి" అని తీర్పిచ్చేసింది నీటికుక్క.

"రేపు అమావాస్య, పెద్దయ్యా. గట్టంతా మునుగుతుంది. నా కూనలకి ఈత రాదు. ఎక్కడ పెట్టుకోను?"

"తల్లివి కదమ్మా. ఎలాగోలా చూసుకుంటావు."

తల్లి అన్న మాటతో ఎంత బరువైనా ఎదుటివాళ్ళ నెత్తికెత్తవచ్చు. ఎత్తినవాడి చెయ్యి నొప్పెట్టదు.

నక్క హుషారుగా ఉంది. "నా ఎత్తు వినండి. మడవేర్ల కింద తొర్రలో పెద్ద జెల్ల ఒకటుంది. నెల్లాళ్ళుగా అక్కణ్ణించి కదలడం లేదు. పిల్లల్ని కాచుకునే తల్లి కాకపోతే అలా ఎవరుంటారు? దాని కళ్ళ ముందు గుడ్లు ఊపితే ఏడ్చుకుంటూ వచ్చి పడుతుంది. తల్లి పేగు కదండీ!"

బావురుపిల్లి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఆ తొర్రలో ఉన్నది ఎవరో నీకు తెలుసా మరిదీ?"

"తెలుసులే."

ఆమె వెనుదిరిగింది. ఇంటికి వెళ్ళి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన కొబ్బరి పీచు ఏరి, ఉండ చుట్టి, చిప్పలో ఉన్న ఊటలో ముంచి పెట్టింది. జన పోయినా ఊట ఉంది. ఊరబెట్టినవాళ్ళకి తెలుసు, పస ఎక్కడికి దిగుతుందో.

తెల్లారింది. పోటు మొదలైంది. బురదగట్టు మీద పీతలు కళ్ళు నిక్కబొడుచుకుని చూస్తున్నాయి. నక్క తొర్ర ముందు నీళ్ళలో దిగి, తీగకి కట్టిన జనని వేలాడదీసింది. బావురుపిల్లి తొర్ర వైపే వెళ్ళలేదు. పాయ పెద్దనీటిలో కలిసే చోట కూర్చుంది.

తొర్రలోంచి జెల్ల వచ్చింది. పెద్దదే. బుగ్గలు ఉబ్బించుకుని గుడ్ల వైపు చూసింది. వెనక్కి పోయింది.

"అమ్మా, జెల్లమ్మా! చూడు, నీ కడుపుపంట! రా తల్లీ, నోట కరుచుకో!"

జెల్ల మళ్ళీ వచ్చింది, చూసింది, పోయింది. నోరు తెరవలేదు.

"సిగ్గు లేదూ? ఒక తల్లి చెయ్యాల్సిన పనేనా ఇది?"

జెల్ల మూతి బిగించే ఉంది. నీళ్ళు నక్క పొట్ట దాకా వచ్చాయి.

"బిడ్డలు కళ్ళ ముందు ఊగుతుంటే పెదవి కదపవేమే, రాతిగుండెదానా! నిన్ను చూసి లోకంలో తల్లులంతా తలొంచుకోవాలి!" అంటూ నక్క కోపంతో చెయ్యి చాచి జెల్ల వీపు పట్టుకుంది.

జెల్ల వీపు మీద ముల్లుంటుంది. ఆ సంగతి మడ అడవిలో పసిపిల్లలక్కూడా తెలుసు. అది నక్క అరచేతిలో సగం దాకా దిగింది. దొంగకి తేలు కుట్టినట్టు నక్క కాసేపు పళ్ళు బిగబట్టింది. ఆ తర్వాత అరిచిన అరుపుకి పీతలన్నీ కన్నాల్లో దూరాయి.

అటు పాయ మూతి దగ్గర బావురుపిల్లి పీచు ఉండని నీళ్ళలోకి దించి, పంజాతో నీటిని మెల్లగా తట్టింది. ఊట సన్నటి దారంలా సాగి పెద్దనీటిలోకి పోయింది. ఆ దారం వెంబడి ఒక జెల్ల వచ్చింది. తల పెద్దది, పొట్ట వీపుకి అంటుకుపోయి ఉంది. వస్తూనే నోరంతా తెరిచి పీచుని అందుకుంది. ఒక్క పంజా దెబ్బ. చేప గట్టు మీద పడింది.

నీటికుక్క వచ్చి మూరేసి కొలిచింది. "మూరన్నర. నీదేదయ్యా, విద్యావంతుడా?"

నక్క మూడు కాళ్ళ మీద కుంటుతూ వచ్చింది. "అది తల్లి కాదు పెద్దయ్యా, రాక్షసి. నోరే తెరవలేదు."

నీటికుక్క అప్పటికప్పుడు తొర్రలోకి మునిగి చూసి తేలింది. దాని మీసాలు నవ్వుతో ఊగుతున్నాయి.

"తల్లి కాదురా, తండ్రి! నోటినిండా గుడ్లున్నాయి. జెల్లల్లో గుడ్లు నోట పెట్టుకుని పొదిగేది మగవాడు. పిల్లలు ఈదేదాకా పస్తే. నువ్వెంత తిడితే మాత్రం నోరెలా తెరుస్తాడు?"

"మగాడా!" నక్క నోరు వెళ్ళబెట్టింది. ముల్లు దిగినప్పటికంటే ఇదే ఎక్కువ నొప్పెట్టినట్టుంది. "మగాడు పిల్లల్ని మోస్తున్నాడా! మరి తల్లి?"

బావురుపిల్లి తన కాళ్ళ మధ్య ఉన్న చేపని చూపించింది. "ఇదిగో. ఇలాంటి తల్లే."

"దీన్ని ఏ ప్రేమ చూపించి రప్పించావు?"

"ప్రేమెక్కడిది? గుడ్లు కని, వాటిని ఆయన నోట పెట్టి, చిక్కి సగమై తిండి కోసం తిరుగుతోంది. వాసన పంపాను. వచ్చింది."

"తన జాతి గుడ్ల వాసనకే!"

"ఆకలి రుచెరగదంటారు కదా. వావి మాత్రం ఎరుగుతుందా? కూనల్ని కన్న రోజున నేనేం తిన్నానో అడగకు మరిదీ."

నక్క అడగలేదు. జీవితంలో మొదటిసారి 'తెలుసులే' అని కూడా అనలేదు.

నీటికుక్క గొంతు సవరించుకుంది. "మలుపు నీదేనమ్మా. ఊటే వచ్చి సాక్ష్యం చెప్పింది, ఆ జన కూడా నీదే. ఇంతకీ ఆ విద్య ఏమిటో మాకు కాస్త..."

"విద్యా? అలవాటు, పెద్దయ్యా. ఒట్టి అలవాటు" అని బావురుపిల్లి చేపని నోట కరుచుకుని గట్టెక్కింది.

సాయంత్రం అమావాస్య పోటు వచ్చింది. గట్టంతా మునిగింది. నక్క వాచిన చెయ్యి ఎత్తిపట్టుకుని ఒక మడకొమ్మ మీద వేలాడుతూ గడిపింది. ఎత్తు మీద బొరియలో రెండు కూనలూ జెల్ల తల కోసం కొట్టుకుంటున్నాయి. బావురుపిల్లి ముందు తను కడుపునిండా తింది. తరవాతే వాటి తగవు తీర్చింది.

తల్లి పేగు మీద గాలం వేసేవాడు ఆ పేగుకి ఆకలి కూడా ఉంటుందని తెలుసుకోవాలి.